ఉక్కు స్లాగ్‌తో కాంక్రీట్: కర్బన ఉద్గారాలు నిజంగా ఎక్కడ తగ్గుతాయి?

సిమెంట్ పరిశ్రమ వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఎక్కువ భాగం కొలిమిలో మండే ఇంధనం నుంచి కాక, ముడిసరుకైన సున్నపురాయి నుంచే వస్తుంది. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల పొడిసున్నం మిగిలి, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. కొలిమిని బొగ్గుకు బదులు హైడ్రోజన్‌తో వేడి చేసినా, విద్యుత్తుతో వేడి చేసినా ఈ 44 కిలోలు తగ్గవు, ఎందుకంటే అవి రాయిలోనే ఉన్నాయి. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 400 కోట్ల టన్నుల సిమెంట్ తయారవుతోంది, మనుషుల కార్యకలాపాల వల్ల వెలువడే మొత్తం కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 7 నుంచి 8 శాతం దీని వాటా. కొత్తగా సున్నపురాయిని కాల్చకుండానే, ఇదివరకే కాలిన సున్నం దొరికే చోటు ఏదైనా ఉంటే, సిమెంట్ సమస్యలో అత్యంత మొండిదైన భాగానికి అక్కడ పరిష్కారం దొరకవచ్చు. ఉక్కు కర్మాగారం అలాంటి చోటు. ఇనుములోని మలినాలను లాగడానికి కొలిమిలో వేసే సున్నమంతా చివరకు స్లాగ్‌లోకి, అంటే కరిగిన లోహం పైన తేలే చిట్టెంలోకి చేరుతుంది.

అయితే స్లాగ్ అనే పేరు కింద చలామణీ అయ్యే పదార్థాలు పలు రకాలున్నాయి, వాటి స్వభావాల మధ్య పోలిక చాలా తక్కువ. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుప ఖనిజం కరిగి ఇనుముగా మారేటప్పుడు, ఖనిజంలోని సిలికా, అల్యూమినా, కోక్ బూడిద సున్నంతో కలిసి కరిగిన ఇనుము పైన తేలే ద్రవమే బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్. టన్ను ఇనుముకు ఇది సుమారు 250 నుంచి 350 కిలోలు వస్తుంది. ఆ ఇనుమును తర్వాత కన్వర్టర్‌లో పోసి, ఆక్సిజన్ ఊది, మళ్లీ సున్నం వేసి ఉక్కుగా మార్చినప్పుడు వచ్చేది ఉక్కు స్లాగ్. ఇది టన్నుకు 100 నుంచి 150 కిలోలు. తుక్కును కరిగించే ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్‌లోనూ, ఉక్కును చివరిగా శుద్ధి చేసే లాడిల్‌లోనూ వచ్చే స్లాగులు మళ్లీ వేరు. వార్తల్లోనూ ప్రకటనల్లోనూ వీటన్నిటినీ ఒకే గాట కట్టి మాట్లాడటం వల్లనే ఒకవైపు అతిగా ఆశలు పెరుగుతున్నాయి, మరోవైపు ఒక రకంతో ఎదురైన చేదు అనుభవం అన్ని రకాల మీదా అపనమ్మకంగా మారుతోంది.

బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్ విలువ దాన్ని చల్లార్చే తీరులో ఉంది. సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ దగ్గర బయటకు వచ్చే ఈ ద్రవాన్ని గుంటలో పోసి నెమ్మదిగా ఆరనిస్తే స్ఫటికాలు కట్టి రాయిలా గట్టిపడుతుంది; దాన్ని పగలగొట్టి కంకరగా వాడవచ్చు, అంతకుమించి రసాయనికంగా అది చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. అదే ద్రవం మీదకు ఒత్తిడితో నీటి ధారలు వదిలితే, పరమాణువులు స్ఫటికాలుగా అమరే వ్యవధి లేక, పదార్థం గాజుగా బిగుసుకుని ముతక ఇసుక లాంటి రేణువులవుతుంది. స్ఫటికంగా స్థిరపడలేకపోయిన ఈ గాజులో కొంత శక్తి చిక్కుకుని ఉంటుంది, అందుకే అది మళ్లీ చర్య జరపడానికి సిద్ధంగా ఉంటుంది. రేణువులను ఆరబెట్టి సిమెంట్ కంటే మెత్తగా రుబ్బితే నిర్మాణ రంగంలో జీజీబీఎస్ అని పిలిచే తెల్లటి పొడి తయారవుతుంది. దీన్ని ఒట్టి నీటితో కలిపితే జరిగే చర్య చాలా మందకొడిగా ఉంటుంది. సిమెంట్‌తో కలిపినప్పుడు మాత్రం, సిమెంట్ నీటితో చర్య జరిపి విడుదల చేసే కాల్షియం హైడ్రాక్సైడ్, ఇతర క్షారాలు గాజును కరిగిస్తాయి. కరిగిన కాల్షియం, సిలికా, అల్యూమినా కలిసి, మామూలు సిమెంట్‌కు బలమిచ్చే కాల్షియం సిలికేట్ హైడ్రేట్‌నే ఏర్పరుస్తాయి. నీటితో చల్లార్చిన స్లాగ్‌కు ఈ గుణం ఉందని 1862లోనే జర్మనీకి చెందిన ఎమిల్ లాంగెన్ గుర్తించాడు. ఇవాళ యూరోపియన్ సిమెంట్ ప్రమాణం ఈఎన్ 197-1లో మూడో తరగతి పూర్తిగా స్లాగ్ సిమెంట్లదే: అందులో ఏ రకంలో 36–65 శాతం, బీ రకంలో 66–80 శాతం, సీ రకంలో 81–95 శాతం స్లాగ్ ఉండవచ్చు. కర్బన ఉద్గారాల చర్చ మొదలుకాక ముందే, కేవలం పనితనం వల్ల ఈ పదార్థం నిలదొక్కుకుందన్నది గమనించవలసిన విషయం.

ఆ పనితనం ప్రధానంగా మన్నికకు సంబంధించినది. స్లాగ్ కలిసిన సిమెంట్ ముద్దలో సూక్ష్మ రంధ్రాలు చిన్నవిగా, ఒకదానితో ఒకటి సరిగా కలవకుండా ఉంటాయి. స్లాగ్‌లోని అల్యూమినా క్లోరైడ్లలో కొంత భాగాన్ని పట్టి ఉంచుతుంది. సముద్రపు నీటిలోని ఉప్పు ఇనుప కడ్డీల దాకా చేరి తుప్పు మొదలయ్యేందుకు పట్టే కాలం దీనివల్ల బాగా పెరుగుతుంది. నెదర్లాండ్స్ తన తీర రక్షణ కట్టడాలకు, ముఖ్యంగా 1986లో ప్రారంభమైన ఊస్టర్‌స్కెల్డె తుఫాను అవరోధానికి, స్లాగ్ అధికంగా ఉన్న సిమెంట్‌ను ఎంచుకోవడానికి కారణం ఇదే. పెద్ద పునాదులు, ఆనకట్టల వంటి దళసరి కట్టడాల్లో మరో లాభం ఉంది: సిమెంట్ నీటితో చర్య జరిపేటప్పుడు వచ్చే హైడ్రేషన్ వేడి నెమ్మదిగా పుడుతుంది కాబట్టి, లోపలి భాగానికీ ఉపరితలానికీ మధ్య ఉష్ణోగ్రత తేడా వల్ల వచ్చే పగుళ్లు తగ్గుతాయి.

నిదానమే దీని బలహీనత కూడా. సగం సిమెంట్ స్థానంలో స్లాగ్ వేసిన కాంక్రీట్ 28 రోజులకు మామూలు కాంక్రీట్ బలాన్ని అందుకోవచ్చు, ఆ తర్వాత దాటిపోనూ వచ్చు. కానీ రెండో రోజో మూడో రోజో సెంట్రింగ్ విప్పాలనుకునే చోట, అందులోనూ చల్లటి వాతావరణంలో, అది చిక్కు తెస్తుంది. క్యూరింగ్ అర్ధాంతరంగా ఆపేస్తే నష్టం రెండింతలు: స్లాగ్ చర్య పూర్తి కాక పైపొర బలహీనంగా మిగులుతుంది, కాల్షియం హైడ్రాక్సైడ్ నిల్వ తక్కువ కాబట్టి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కూడా త్వరగా లోపలికి చొరబడుతుంది. సెంట్రింగ్ విప్పినప్పుడు స్లాగ్ కాంక్రీట్ కొన్నిసార్లు ముదురు నీలి ఆకుపచ్చ రంగులో కనిపిస్తుంది. స్లాగ్‌లో స్వల్పంగా ఉండే సల్ఫైడ్ల వల్ల వచ్చే ఈ రంగు గాలి తగిలిన చోట రోజుల్లోనే వెలిసిపోయి, చివరకు మామూలు కాంక్రీట్ కంటే తెల్లగా తేలుతుంది. దీన్ని మొదటిసారి చూసినవాళ్లు కాంక్రీట్ పాడైందని కంగారుపడటం సహజం. రంగు లోపం కాదు, పైగా అది లోపలింకా గాలి సోకని, సాంద్రమైన పదార్థానికి గుర్తు.

ఇక కర్బన లెక్కకు వద్దాం. సున్నపురాయిని మట్టితో కలిపి కాల్చగా వచ్చే, సిమెంట్‌కు మూలమైన గడ్డలే క్లింకర్. టన్ను క్లింకర్ తయారీలో 800 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. స్లాగ్‌ను ఆరబెట్టి రుబ్బడానికి అయ్యేది కొన్ని పదుల కిలోలే. అందుచేత కాంక్రీట్‌లో సగం సిమెంట్ తీసి స్లాగ్ వేస్తే ఆ ప్రాజెక్టు కాగితాల మీద ఉద్గారాలు 40 శాతం వరకు తగ్గినట్టు కనిపిస్తాయి. ఈ లెక్క ఆ ప్రాజెక్టు హద్దుల్లో తప్పు కాదు, కానీ వాతావరణానికి ప్రాజెక్టు హద్దులు ఉండవు. స్లాగ్ ఎంత పుట్టాలన్నది ఇనుముకున్న గిరాకీ తేలుస్తుంది, కాంక్రీట్‌కున్న గిరాకీ కాదు. గాజుగా చల్లార్చిన స్లాగ్‌లో దాదాపు అంతా ఇప్పటికే ఏదో ఒక సిమెంట్‌లోకో కాంక్రీట్‌లోకో వెళ్తోంది. కాబట్టి ఒక భవనం కోసం ఎక్కువ స్లాగ్ తెప్పించుకుంటే, అది మరో భవనానికి అందకుండా పోతుంది, అక్కడ ఆ మేరకు క్లింకర్ పెరుగుతుంది. దూర దేశం నుంచి ఓడలో తెచ్చి ఉంటే రవాణా ఉద్గారాలు అదనం. బ్రిటన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ స్ట్రక్చరల్ ఇంజినీర్స్ 2023లో వెలువరించిన పత్రం ఇదే విషయాన్ని సూటిగా చెప్పింది: పరిమితంగా దొరికే స్లాగ్ వాటాను ఒక ప్రాజెక్టులో పెంచినంత మాత్రాన ప్రపంచ ఉద్గారాలు తగ్గే అవకాశం తక్కువ.

ఈ వాదన స్లాగ్ వాడకానికి వ్యతిరేకం కాదు, దాన్ని ఎందుకు వాడుతున్నామో స్పష్టంగా చెప్పమంటుందంతే. ఇంకా గుంటల్లో నెమ్మదిగా చల్లారి రాయిగా మారుతున్న స్లాగ్ ఉన్న చోట దాన్ని నీటి ధారలతో గాజు రేణువులుగా మార్చే గ్రాన్యులేషన్ ఏర్పాటు పెడితే, అది నిజమైన, అదనపు ఆదా. నిన్నటిదాకా లేని సిమెంట్ ప్రత్యామ్నాయం ఇవాళ పుట్టినట్టు. ఇప్పటికే పంచుకుంటున్న స్లాగ్‌నైతే ఉప్పునీరు, సల్ఫేట్ నేలలు, దళసరి పునాదులు వంటి చోట్లకు, అంటే దాని మన్నికకు సాటి దొరకని చోట్లకు ముందుగా కేటాయించడం సబబు. పొడిగా ఉండే గదుల లోపలి స్లాబుల్లో, కర్బన పట్టికలో అంకె తగ్గించుకోవడానికి మాత్రమే 70 శాతం స్లాగ్ వేయడం ఈ పదార్థాన్ని వృథా చేయడమే. స్లాగ్‌ను వ్యర్థంగా లెక్కించి ఉద్గార భారం సున్నా అనాలా, ఉప ఉత్పత్తిగా లెక్కించి బ్లాస్ట్ ఫర్నేస్ ఉద్గారాల్లో కొంత వాటా దానికి వేయాలా అనే వివాదం కూడా చాలాకాలంగా నడుస్తోంది. భారాన్ని ఉక్కు ఖాతాలో వేసినా, సిమెంట్ ఖాతాలో వేసినా, రెండు ఖాతాల మొత్తం మారదు. ఇద్దరూ తమది కాదని పక్కకు తోసేసినప్పుడే మోసం జరుగుతుంది.

పైగా ఈ నిల్వ తరిగిపోయే దిశలో ఉంది. ఉక్కు పరిశ్రమ తన సొంత ఉద్గారాలు తగ్గించుకోవాలంటే బ్లాస్ట్ ఫర్నేస్‌లను మూసి, తుక్కుతోనో, హైడ్రోజన్ వంటి వాయువులతో నేరుగా క్షయకరణం చేసిన (ఖనిజంలోని ఆక్సిజన్‌ను తొలగించిన) ఇనుముతోనో నడిచే ఎలక్ట్రిక్ ఫర్నేస్‌లకు మారాలి. వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్‌లో చివరి బ్లాస్ట్ ఫర్నేస్ 2024 సెప్టెంబరులో ఆగిపోయింది, దాని స్థానంలో ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్ రానుంది. అలాంటి ప్రతి మార్పూ ఉక్కుకు మేలు చేస్తూనే, సిమెంట్‌కు గాజు స్లాగ్ అందించే ఒక ఊటను ఆపేస్తుంది. కొత్త ఫర్నేస్‌ల నుంచి స్లాగ్ రాకుండా పోదు, కానీ అది వేరే జాతి స్లాగ్. అందువల్ల భవిష్యత్తు ప్రశ్న అంతా ఇన్నాళ్లూ గుట్టలుగా పడి ఉన్న ఉక్కు స్లాగ్ మీదకే మళ్లుతోంది.

ఉక్కు స్లాగ్‌లో సున్నం వాటా ఎక్కువ, సిలికా తక్కువ, ఇనుము ఆక్సైడ్ల రూపంలో ఐదో వంతు దాకా ఉండవచ్చు. ఇలాంటి కూర్పు గల ద్రవం నీటితో చల్లార్చినా సులువుగా గాజు కాదు. అందులో సిమెంట్‌లో కనిపించే డైకాల్షియం సిలికేట్ వంటి ఖనిజాలు ఉన్నా, నెమ్మదిగా చల్లారిన వాటి చురుకుదనం చాలా తక్కువ. ఇనుము, మెగ్నీషియం, మాంగనీస్ ఆక్సైడ్లు కలిసిన గట్టి రేణువులు రుబ్బడానికి లొంగక మిల్లులో విద్యుత్తును తినేస్తాయి. ఇంతకంటే పెద్ద చిక్కు స్వేచ్ఛా సున్నం. కన్వర్టర్‌లో ఒక హీటు, అంటే ఒక విడత ఉక్కు తయారీ, నిమిషాల్లో ముగిసిపోతుంది కాబట్టి, వేసిన సున్నమంతా కరిగే వ్యవధి ఉండదు. కరగకుండా మిగిలిన సున్నపు ముద్దలు స్లాగ్ గడ్డల మధ్య చిక్కుకుపోతాయి. ఆ ముద్దకు తేమ తగిలి పొడిసున్నం తడిసున్నంగా మారితే దాని ఘనపరిమాణం దాదాపు రెట్టింపవుతుంది. స్వేచ్ఛా మెగ్నీషియం ఆక్సైడ్ ఇంకా ప్రమాదకరం. అది అంతకంటే ఎక్కువగా ఉబ్బడమే కాక, ఆ ఉబ్బడం ఏళ్ల తర్వాత కూడా మొదలుకావచ్చు.

ఇలాంటి స్లాగ్‌ను సరైన శుద్ధి లేకుండా కంకరగా వేసిన కాంక్రీట్ ఉపరితలం మీద ఆ నష్టం స్పష్టంగా కనిపిస్తుంది. నున్నటి గచ్చు మీద అక్కడక్కడ శంకువు ఆకారంలో చిన్న పెచ్చులు లేచిపోతాయి. ఆ గుంట అడుగున చూస్తే పగిలిన నల్లటి స్లాగ్ ముక్క, దాని నడుమ గోటితో గీకితే రాలిపోయే తెల్లటి పొడి ఉంటాయి. ఆ పొడి సున్నమే. రోడ్డు అడుగు పొరలో అయితే అదే ఒత్తిడి పైనున్న తారును ఉబ్బెత్తుగా లేపి, నక్షత్రాకారంలో పగలగొడుతుంది. లాడిల్ స్లాగ్‌కు మరో వ్యాధి ఉంది: చల్లారే క్రమంలో అందులోని డైకాల్షియం సిలికేట్ ఒక స్ఫటిక రూపం నుంచి మరో రూపానికి మారుతూ పది శాతానికి పైగా వ్యాకోచించడంతో, గట్టి గడ్డ కాస్తా దానంతట అదే తెల్లటి దుమ్ముగా రాలిపోతుంది.

దీనికి విరుగుళ్లు లేకపోలేదు. పగలగొట్టిన స్లాగ్‌ను ఆరుబయట గుట్టలు పోసి, నీళ్లు చల్లుతూ నెలల తరబడి మాగనివ్వడం పాత పద్ధతి. ఆవిరితో అదే పనిని రోజుల్లో పూర్తి చేయవచ్చు. జర్మనీలో అభివృద్ధి చేసిన మరో పద్ధతిలో, స్లాగ్ ఇంకా ద్రవంగా ఉండగానే అందులోకి ఇసుక, ఆక్సిజన్ పంపుతారు. ఇసుకలోని సిలికా మిగిలిన సున్నాన్ని కలిపేసుకుని స్థిరమైన సిలికేట్‌గా మారుస్తుంది. రసాయనికంగా ఇది అన్నిటికంటే నికరమైన మార్గం, ఎందుకంటే ఇది జబ్బును ముదరకముందే తీసేస్తుంది. మాగబెట్టే పద్ధతిలో గుట్ట లోపలి భాగానికి తేమ సరిగా అందిందో లేదో నమూనా తీసి చూస్తే తప్ప తెలియదు. అందుకే ఎన్ని నెలలు మాగిందన్న మాటను కాక, ఆవిరి పరీక్షలో ఎంత శాతం వ్యాకోచించిందన్న ఫలితాన్ని కొలమానంగా పెట్టుకోవాలి, అదీ ఒక్కసారి కాక ప్రతి లాటుకూ.

ఇంత చేసి ఉక్కు స్లాగ్‌ను కంకరగా వాడితే కర్బన ఉద్గారాలు ఎంత తగ్గుతాయన్న ప్రశ్నకు నిజాయితీ గల సమాధానం: చాలా కొద్దిగా. క్వారీ కంకర టన్నుకు వెలువడే ఉద్గారాలే కొద్ది కిలోలు. దాని స్థానంలో స్లాగ్ వేస్తే కొండ మిగులుతుంది, డంపింగ్ స్థలం మిగులుతుంది, రోడ్డు పైపొరలో టైర్లకు మంచి పట్టు దొరుకుతుంది, కానీ వాతావరణానికి ఒరిగేది స్వల్పం. స్లాగ్ కంకర సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.2 నుంచి 3.6 గ్రాముల వరకు ఉండి, మామూలు రాయి కంటే నాలుగో వంతు బరువెక్కువ కావడంతో లారీల్లో దూరం మోసిన కొద్దీ ఆ స్వల్ప లాభమూ కరిగిపోతుంది. ఆ బరువే వరమయ్యే చోట్లు కొన్ని ఉన్నాయి, అలల తాకిడిని కాసుకునే దిమ్మెలు అలాంటివి. కంకర వాడకాన్ని వనరుల ఆదాగా చెప్పడం న్యాయం. తక్కువ కర్బన నిర్మాణమని ప్రచారం చేయడం న్యాయం కాదు.

ఉక్కు స్లాగ్‌కు నిజమైన కర్బన విలువ రెండు దారుల్లో కనిపిస్తోంది. మొదటిది, దాని దోషాన్నే గుణంగా మార్చుకోవడం. నీటితో ఉబ్బే స్వేచ్ఛా సున్నం, నీటితో దాదాపు చర్యే జరపని గామా రూపపు డైకాల్షియం సిలికేట్ (లాడిల్ స్లాగ్‌ను దుమ్ముగా రాల్చే ఆ రూపమే), రెండూ కార్బన్ డయాక్సైడ్‌తో మాత్రం చురుగ్గా కలిసి కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడతాయి. మెత్తగా రుబ్బిన స్లాగ్‌ను అచ్చుల్లో నొక్కి, మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ పట్టిస్తే, సిమెంట్ చుక్క లేకుండా గంటల వ్యవధిలో ఇటుకలూ బ్లాకులూ తయారవుతాయి. కెనడాలో మాంట్రియల్‌కు చెందిన కార్బిక్రీట్, బెల్జియంలో ఆర్బిక్స్ సంస్థ ఈ మార్గంలోనే నడుస్తున్నాయి. ఇక్కడ లాభం రెండు వైపులా ఉంది: సిమెంట్ మానేయడం, వాయువును రాయిలో బంధించడం. పరిమితులూ ఉన్నాయి. వాయువు దిమ్మె లోతు దాకా చొరబడాలి కాబట్టి చిన్న అచ్చు వస్తువులకే ఇది సరిపోతుంది, నిర్మాణ స్థలంలో పోసే స్తంభాలకూ స్లాబులకూ కాదు. క్షార గుణం తగ్గుతుంది కనుక లోపల ఇనుప కడ్డీలు పెట్టే చోట జాగ్రత్త అవసరం. కార్బన్ డయాక్సైడ్ ఎక్కడి నుంచి తెచ్చారు, ఎంత శుద్ధి చేశారు, ఎంత దూరం మోశారు అన్నవి లెక్కలో కలపకుండా ఉత్పత్తికి రుణాత్మక ఉద్గారాల ముద్ర వేయకూడదు.

నేలకూ నీటికీ కలిగే హాని విషయంలో కూడా ఇదే నిక్కచ్చితనం కావాలి. ఉక్కు స్లాగ్ మీదుగా పారిన వాన నీటి పీహెచ్ 12 దాటవచ్చు, అంటే అది తీవ్రమైన క్షారంగా మారవచ్చు. క్రోమియం, వెనేడియం వంటి లోహాలు నీటిలోకి ఊరే అవకాశం కర్మాగారాన్ని బట్టి, తయారు చేసే ఉక్కును బట్టి మారుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ స్లాగ్‌ను మిగతా వాటితో కలిపి చూడటం పొరపాటు. కాంక్రీట్‌లో బంధించిన స్లాగ్ నుంచి ఊరడం బాగా తగ్గుతుంది. విడిగా మందపాటి పొరలుగా నేల మీద పరిచినప్పుడే ఇబ్బంది. పునర్వినియోగంలో ముందున్న నెదర్లాండ్స్ ప్రభుత్వమే 2025లో ఉక్కు స్లాగ్‌ను మందపాటి పొరలుగా పరచడం మీద తాత్కాలిక నిషేధం విధించింది.

రెండో దారి, స్లాగ్‌ను ఫర్నేస్‌లోనే సిమెంట్‌గా వండటం. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో ప్రచురించిన పద్ధతిలో, ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్‌లో తుక్కుతో పాటు వేసే సున్నానికి బదులు, కూల్చిన కట్టడాల కాంక్రీట్ నుంచి వేరు చేసిన పాత సిమెంట్ ముద్దను వేస్తారు. ఉక్కు కరిగే వేడికే అది మళ్లీ క్లింకర్ ఖనిజాలుగా మారుతుంది. పైన తేలిన ఆ స్లాగ్‌ను వేగంగా చల్లార్చి రుబ్బితే పోర్ట్‌లాండ్ సిమెంట్‌కు దగ్గరి పదార్థం వస్తుంది. పాత సిమెంట్‌లోని సున్నం ఎప్పుడో కాలినది కాబట్టి, వ్యాసం మొదట చెప్పిన ఆ 44 కిలోల్లో అధిక భాగం మళ్లీ పుట్టదు. విద్యుత్తు కూడా శుభ్రమైనదైతే సిమెంట్ తయారీలో ఇంతటి తగ్గుదల చూపిన మార్గాలు అరుదు. దీనిలో ఇనుము ఆక్సైడ్ల వాటాను అదుపులో పెట్టడం, పాత కాంక్రీట్ నుంచి ఇసుక రేణువులను విడదీసి శుభ్రమైన ముద్దను రాబట్టడం కష్టమైన పనులు. ముద్దతో పాటు ఇసుక ఎక్కువగా వెళ్లిపోతే సిలికా పెరిగి క్లింకర్ కూర్పు చెడుతుంది, ఫర్నేస్ లోపలి ఇటుక పూత కూడా దెబ్బతింటుంది.

పరిమాణం సంగతి కూడా చూడాలి. ప్రపంచం తయారు చేసే సుమారు 190 కోట్ల టన్నుల ఉక్కులో ఎలక్ట్రిక్ ఫర్నేస్‌ల వాటా 30 శాతం దగ్గర ఉంది, అంటే 55 కోట్ల టన్నులకు పైగా. టన్నుకు 150 కిలోల స్లాగ్ వస్తుందనుకున్నా మొత్తం 8 కోట్ల టన్నులకు కాస్త పైన మాత్రమే. 400 కోట్ల టన్నుల సిమెంట్ ముందు అది 2 శాతం. ఎలక్ట్రిక్ ఫర్నేస్‌లు రెండింతలై, వాటిలో వేసే ఫ్లక్స్ (సున్నం లేదా పాత సిమెంట్ ముద్ద) పరిమాణం పెంచినా, మిగతా సిమెంట్‌కు కాల్చిన మట్టి, మెత్తటి సున్నపురాయి పొడి వంటి వేరే ప్రత్యామ్నాయాలు, అన్నిటికంటే ముందు కాంక్రీట్‌ను పొదుపుగా వాడే డిజైన్లు తప్పవు. ఆ 2 శాతమైనా దక్కాలంటే కూల్చివేత దశలోనే కాంక్రీట్‌ను మట్టి, ఇటుక, జిప్సంలతో కలవకుండా వేరుగా పోగుచేయాలి. ఇవాళ చాలా చోట్ల కూల్చివేత కాంట్రాక్టుల్లో దీనికి సంబంధించిన నిబంధన ఒక్కటీ కనిపించదు.